కళ్ళంలో కొలిచే చెయ్యి ఎవరిది?

మన సామాజిక శాస్త్రం గ్రామం గురించి చాలాకాలంగా ఒక పాఠం చెబుతోంది. డబ్బు చలామణీ లేకపోయినా ఊరు బతికింది, ఎందుకంటే కులాలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకున్నాయి అని. కుమ్మరి కుండ చేశాడు, చాకలి బట్ట ఉతికాడు, మాదిగ చెప్పు కుట్టాడు, రైతు అందరికీ గింజలు కొలిచాడు. దీనికి 'పరస్పరత' అని పేరు. మేం కూడా ఈ పాఠం చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే. కానీ పరీక్షలో రాసిన ఊరికీ, మా తాతలు, అమ్మమ్మలు చెప్పిన ఊరికీ పొంతన లేదు. ఎందుకు లేదో చూడాలి.

ఈ పాఠానికి మూలం విలియం వైజర్ 1936లో ప్రచురించిన 'హిందూ జజ్మానీ వ్యవస్థ'. అమెరికన్ మిషనరీ అయిన వైజర్ నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఒక గ్రామానికి కరీంపూర్ అని మారుపేరు పెట్టి, అక్కడ ఏ కులం ఏ కులానికి ఏ పని చేస్తుందో, బదులుగా ఏం దక్కుతుందో ఓపిగ్గా రాసుకున్నాడు. ఆ శ్రమను మేం తక్కువ చెయ్యం. ఆ లెక్కల మీద నిలబెట్టిన భావంతోనే మా పేచీ. కులాలు వంతులవారీగా ఒకరికొకరు యజమానులూ సేవకులూ అవుతారంటాడు. చచ్చిన గొడ్డును ఈడ్చేవాడికి యజమాని అయ్యే వంతు ఏనాడు వచ్చింది? ఏ కామందు వాడకొచ్చి సేవ చేసి పోయాడు?

అదే 1936లో బాబాసాహెబ్ అంబేద్కర్ 'కుల నిర్మూలన' వచ్చింది. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసే మనుషుల్నే విడదీసి ఒకరి కింద ఒకర్ని పెడుతుందని అందులో వాదించాడు. మేం చదువుకున్న క్లాసుల్లో మొదటి పుస్తకం ఆర్థిక వ్యవస్థ పాఠం అయింది, రెండోది సంఘ సంస్కరణ పాఠం అయింది. ఈ సర్దుబాటులోనే రాజకీయం ఉంది.

వైజర్ తర్వాత వచ్చినవాళ్ళు ఇంకా పదునైన పనిముట్లు తెచ్చారు. కార్ల్ పోలాన్యీ 1944లో రాసిన 'మహా పరివర్తన'లో మార్కెట్టు కాని పద్ధతుల్ని విడదీసి చూపాడు. సరితూగే రెండు పక్షాల మధ్య నడిచేది పరస్పరత. ఒక కేంద్రానికి చేరి, అక్కణ్ణుంచి పంపకమయ్యేది పునఃపంపిణీ. 1957లో వాల్టర్ నీల్ ఈ రెండు మాటల్నీ భారతీయ గ్రామానికీ, అక్కడి ధాన్యపు రాశి పంపకానికీ అన్వయించాడు. మంచిదే. అయితే ఊరికీ వాడకీ మధ్య ఆ సరితూగడం ఎక్కడుంది? పోనీ పునఃపంపిణీ అనుకుందాం, ఆ కేంద్రం ఎవరి చేతిలో ఉంది? 1959లో బీడల్‌మన్ ఈ వ్యవస్థకు అసలు బలం భూమి చేతిలో ఉండటమేనని, ఇది దోపిడీయేనని రాశాడు. అది సగం జవాబు. మిగతా సగం తెలియాలంటే కళ్ళంలోకి రావాలి.

మన తెలుగు ఊళ్ళలో దీన్ని 'మేర' అన్నారు. మాదిగ మోట బొక్కెనకు తోలు కుట్టాలి, చెప్పులు కుట్టాలి, వార్లు ఇవ్వాలి, గొడ్డు చస్తే ఈడవాలి, చావుకీ జాతరకీ డప్పు కొట్టాలి. ఇవి ఏడాది పొడుగునా పనులు, పిలిచిన గడియకి కదలాలి. బదులుగా వచ్చేది నూర్పిళ్ళప్పుడు కొలిచే గింజలు. కొలిచే కుంచం రైతుది, కొలిచే చెయ్యి రైతుది, పంట పోయిందని చెప్పే నోరూ రైతుదే. చెప్పు ఎన్నాళ్ళకు తెగిందో ఇద్దరికీ కనిపిస్తుంది. మేర ఎంత తగ్గిందో అడిగితే మాత్రం పొగరు. పని చేసినవాడు వంగి పట్టుకోవాలి, పని చేయించుకున్నవాడు ధర్మదాత! హక్కుగా రావలసింది దయగా మారే చోటు ఈ కళ్ళమే.

అందుకని పరస్పరతకు మేం ఒకే పరీక్ష పెడుతున్నాం: కాదనే వీలు ఎవరికుంది? ఇచ్చిపుచ్చుకోవడం నిజమైతే రెండు వైపులా మానుకునే వీలుండాలి. మనవాళ్ళు డప్పు కొట్టం, గొడ్డు ఈడవం అన్నచోట ఊరు వెలి పెట్టింది. ఊరు తన వైపు నుంచి మానుకుంటే అది శిక్ష, వాడ మానుకుంటే అది నేరం. 1991 జులైలో చుండూరులో సినిమా హాలు తగాదా తర్వాత దళితులకు పొలం పనులు లేకుండా చేసి సాంఘిక బహిష్కరణ పెట్టారు. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. పరస్పరత అన్నదాని అడుగున ఏముందో ఇంతకన్నా వివరంగా ఏ గ్రంథం చెబుతుంది?

అంబేద్కర్‌కి ఇది ముందే తెలుసు. 1928లో బొంబాయి శాసన మండలిలో మహార్ వతన్ల మీద బిల్లు పెట్టాడు. ఊరివాళ్ళు గింజల రూపంలో ఇచ్చే బలుతాను డబ్బు పన్నుగా మార్చి ప్రభుత్వమే వసూలు చేయాలన్నాడు. వతను వదులుకుని బయటపడే దారి కూడా ఉండాలన్నాడు. అంటే ఇచ్చే చేతికీ పుచ్చుకునే చేతికీ మధ్య చట్టాన్ని నిలబెట్టడం, కాదనే వీలు కల్పించడం. బిల్లు ఆనాడు చట్టం కాలేదు. ఆ వతన్ల రద్దు చట్టం 1958లో గాని రాలేదు.

మరి మనకు ఇచ్చిపుచ్చుకోవడమే తెలియదా? వాడలో చేబదులు ఉంది, పెళ్ళికి చదివింపులు ఉన్నాయి, పురిటికీ చావుకీ ఒకరింటికొకరు పొయ్యి వెలిగించడం ఉంది. 'వదినా, రెండొందలు సర్దు' అంటే 'ఈసారి లేవమ్మా' అనొచ్చు. మాట పట్టింపు రావచ్చు గాని ఎవరి కూడూ పోదు. అదీ పరస్పరత. ఆ నమ్మకాన్నే సూక్ష్మరుణ కంపెనీలు తాకట్టుగా వాడుకున్నాయి. ఒకామె వాయిదా తప్పితే గుంపంతా కట్టాలన్న షరతుతో చుట్టాన్నే వసూలుదారుని చేశాయి. ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఇక్కడా పోయింది కాదనే వీలే.

పాత ఊళ్ళో కనీసం గింజలకు లోటు లేదని నిట్టూర్చే మేధావులు ఇప్పటికీ ఉన్నారు. ఆ గింజలు ఏ రేటుకి వచ్చాయో వాళ్ళు లెక్క కట్టలేదు. పాఠాలు చెప్పే మిత్రులకు మా విన్నపం ఒక్కటే. 'పరస్పరత' అని నల్లబల్ల మీద రాసిన ప్రతిసారీ పక్కనే ఈ మూడూ రాయండి: కొలిచిందెవరు, అడిగితే ఏమయ్యింది, మానుకుంటే ఏమయ్యింది? జవాబులు వెనక బెంచీల పిల్లల దగ్గర ఉంటాయి. వాళ్ళని చెప్పనివ్వండి.