తొంభయ్యా, నూట నలభయ్యా?

నరసరావుపేటలో ఆయిల్ షాపుకెళ్లి గేర్ ఆయిల్ కావాలంటే మొదట వినపడే మాట ఇదే: "తొంభయ్యా, నూట నలభయ్యా?" బండి ఏమిటని అడిగేవాళ్లు తక్కువ. ఈ ప్రశ్న లారీలూ ట్రాక్టర్లూ నేర్పిన ప్రశ్న. పిడుగురాళ్ల సున్నం, మాచర్ల నాపరాళ్లు, గుంటూరు యార్డుకు పోయే మిర్చి టిక్కీలు మోసే బళ్ల మీద చేయి తిరిగిన మేస్త్రీలకు నూనె ఎంత చిక్కగా ఉంటే అంత భద్రం. వాళ్ల అనుభవాన్ని నేను తీసిపారెయ్యను. కానీ అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద రయ్యిమని దూసుకుపోయే కారుకు అదే లెక్క కడితే, మంచి గేర్‌బాక్సు నిష్కారణంగా అరుగుతుంది.

నా బండికి ఈ నూనెలు నేనే మార్చుకుంటాను. ఆ పనిలో బోల్టులు విప్పడం తేలిక. డబ్బా ఎంచుకోవడంలోనే ఉంది అసలు చిక్కు.

ముందు ఆ అంకెల సంగతి. గేర్ ఆయిల్ మీది 90, ఇంజిన్ ఆయిల్ మీది 40 ఒకే కొలబద్ద మీది అంకెలు కావు. నూరు డిగ్రీల వేడి దగ్గర 90 గేర్ ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ దాకా ఉంటుంది. 40 నంబరు ఇంజిన్ ఆయిల్‌ది 12.5 నుంచి 16.3. అంటే రెండూ దగ్గర దగ్గర చుట్టాలే. 140 మాత్రం 24 నుంచి మొదలవుతుంది. ఇదంతా వేడెక్కాక. 40 డిగ్రీల దగ్గర, అంటే మన మే నెలలో పొద్దున పది దాటితే ఉండే ఎండలో, సింథటిక్ 75డబ్ల్యూ-90 సుమారు నూరు సెంటీస్టోక్స్ ఉంటే 85డబ్ల్యూ-140 మూడింతలకు పైనే ఉంటుంది. 140 పోస్తే, కారు తీసిన మొదటి పది నిమిషాలూ రెండో గేరు మొరాయించేది అందుకే. పైగా అంత చిక్కటి నూనెను చిలకడానికి ఇంజిన్ శక్తి కొంత వృథా అవుతుంది. వేగం కోసం లక్షలు పోసి కారు కొన్నవాడు దాన్ని నూనెలో ముంచి పోగొట్టుకోవడం ఏం తెలివి?

ముందుండే 75డబ్ల్యూ, 80డబ్ల్యూ చలికి సంబంధించినవి. 75డబ్ల్యూ మైనస్ 40 డిగ్రీల దాకా, 80డబ్ల్యూ మైనస్ 26 దాకా పారుతుంది. ఎండాకాలం వార్తల్లో ఏటా పేరు వినిపించే రెంటచింతల ఉన్న జిల్లాలో దీనితో పనేముందని అడగొచ్చు. చలికైతే పనేమీ లేదు. అయినా నేను 75డబ్ల్యూ-90నే అడుగుతాను. అంత విశాలమైన హద్దుల్లో నిలబడాలంటే దాదాపుగా సింథటిక్ నూనె కావాల్సిందే. ఆ సింథటిక్ గుణం మనకు పనికొచ్చేది చలిలో కాదు, వేడిలో.

ఇప్పుడు షాపులో ఎవరూ అడగని ప్రశ్న. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో నూనె తరగతి జీఎల్-4 అనో జీఎల్-5 అనో ఉంటుంది. నా మటుకు నాకు 90, 140ల కన్నా ఇదే ముఖ్యం.

ఎందుకంటే, చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌లో క్రౌన్ అనే పెద్ద గేరూ, పినియన్ అనే చిన్న గేరూ ఉంటాయి. 1926లో అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తన కార్లలో పినియన్‌ను క్రౌన్ మధ్యగీత కంటే కిందికి దించింది. దాన్నే హైపాయిడ్ అంటారు. కారు ఎత్తు తగ్గింది, చప్పుడు తగ్గింది, కానీ పళ్లకు కొత్త కష్టం వచ్చింది. అవి దొర్లడంతో సరిపెట్టుకోవు, రోట్లో పొత్రంలా ఒకదాన్నొకటి నూరుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర చిట్లిపోతుంది. అందుకని గంధకం, భాస్వరం కలిసిన మందులు కలుపుతారు. వేడి పుట్టిన చోట అవి ఉక్కు మీద పలచని పూత కట్టి పళ్లను కాపాడతాయి. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే కొట్టే ఆ ఘాటు వాసన గంధకానిదే. జీఎల్-5లో ఈ మందు జీఎల్-4 కంటే సుమారు రెట్టింపు.

రెట్టింపైతే మంచిదేగా అనుకుంటే అక్కడే దెబ్బ తింటాం. మాన్యువల్ గేర్‌బాక్సులో గేరు మెత్తగా పడేలా చూసే సింక్రో రింగులు చాలా బళ్లలో ఇత్తడివి. గేరు పడాలంటే ఆ రింగు గేరు మీది కోన్‌ను క్షణంపాటు గట్టిగా పట్టుకోవాలి. నూనె మరీ జారుడైతే పట్టు చిక్కదు, గేరు కొరుకుతుంది. పైగా వేడిలో గంధకం ఇత్తడిని తినేస్తుంది. కొత్త తరం జీఎల్-5లు అంత చెడ్డవి కావంటారు. కావచ్చు. కంపెనీ పుస్తకంలో జీఎల్-4 అని ఉంటే మాత్రం నేను జీఎల్-5 జోలికి పోను.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పోలో జీటీ, ఐ20 ఎన్‌లైన్, ఆక్టేవియా వీఆర్‌ఎస్ వంటివి ముందు చక్రాలతో లాగే కార్లు. వీటిలో డిఫరెన్షియల్ గేర్‌బాక్సు పొట్టలోనే ఉంటుంది, అందులో హైపాయిడ్ పళ్లుండవు. "డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మార్చాలి సార్" అని ఎవరైనా బిల్లు రాస్తే, ఆ బోల్టు ఎక్కడుందో చూపించమనండి. బొలేరో, స్కార్పియో, థార్ సంగతి వేరు: వెనక హౌసింగ్‌కు దాని నూనె దానికే. డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్సులకైతే 90, 140 అనే మాటే ఎత్తకూడదు, కంపెనీ నంబరున్న నూనే పోయాలి. ట్రాక్టర్ నూనె చాలా రకాల్లో బ్రేకులకూ, లిఫ్టు హైడ్రాలిక్‌కూ కూడా పనిచేసేలా తయారవుతుంది. శివరాత్రికి కోటప్పకొండ ప్రభను లాక్కొచ్చే ట్రాక్టరుకు అది అమృతమే కావచ్చు, కారు గేర్‌బాక్సులో పోయడానికి మాత్రం కాదు.

ఒక చక్రం జారినా రెండోదానికి బలమందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న కార్లు మన దగ్గర తక్కువే, అయినా ఒక మాట. ప్లేట్లుండే రకమైతే అవి రుద్దుకోవాలి, కానీ అదరకూడదు. దానికో ప్రత్యేకమైన మందు కావాలి. అది లేని నూనె పోసి కొండ ఘాట్ రోడ్డు మలుపుల్లో నెమ్మదిగా తిప్పితే వెనక నుంచి కటకటమంటుంది. మేస్త్రీ బేరింగ్ పోయిందంటాడు. ముందు నూనె మార్చి చూడండి.

కరెంటు కార్లొస్తే ఈ గోలే ఉండదంటారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా-ఈ కరెంటు రేసు కార్లలోనూ గేర్లున్నాయి, వాటికీ నూనె కావాలి.

మార్చేటప్పుడు ఒక్క నియమం: నూనె పోసే బోల్టు ఊడుతుందని తేలాకే కింది డ్రైన్ బోల్టు విప్పండి. పాత నూనె వదిలేశాక పైది తుప్పుపట్టి కదలకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. డ్రైన్ బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుంటే మామూలే, గోరు సైజు ఉక్కు ముక్కలు కనిపిస్తే బాక్సు విప్పాల్సిందే.

ఈసారి షాపుకెళ్లే ముందు బండితో వచ్చిన పుస్తకంలో నూనెల పేజీ ఫోన్లో ఫోటో తీసుకోండి. "తొంభయ్యా, నూట నలభయ్యా" అని అడిగితే ఆ ఫోటో చూపించి, జీఎల్ నంబరు సరిపోయిన డబ్బాకే డబ్బులివ్వండి.