రాష్ట్రానికి హక్కులు సరే, వాడకో?

పొట్టి శ్రీరాములు పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది 1952 డిసెంబర్ 15. మద్రాసులో 58 రోజుల నిరాహారదీక్ష, మరణం, ఆ తర్వాత 1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం. 2008లో నెల్లూరు జిల్లాకే ఆయన పేరు పెట్టారు. బాగానే ఉంది. కానీ అదే నెల్లూరులో, మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని 1946లో ఆయన చేసిన దీక్ష మాట ఎందరు ఎత్తుతున్నారు? చెప్పులు, గొడుగు లేకుండా ఎండలో దళితుల కోసం నినాదాల అట్టలు మోసుకు తిరిగిన మనిషి ఏమైపోయాడు?

ఈ మరుపు ఊరకే రాలేదు. రాష్ట్రం కోసం చేసిన దీక్ష ఢిల్లీని నిలదీసింది. గుడి దీక్ష ఊరిని నిలదీసింది. ఊరిపెద్దలు మొదటిదాన్ని నెత్తిన పెట్టుకొని రెండోదాన్ని అటకెక్కించారు. గుడి ప్రవేశమే విముక్తి అని కాదు. హరిజనోద్ధరణ తలుపు తియ్యమన్నది గానీ భూమి పంచమనలేదు.

1955లో భాషారాష్ట్రాల గురించి రాస్తూ అంబేడ్కర్ ఆంధ్రనే చూపించాడు. భూమి, ఉద్యోగం, వ్యాపారం అంతా రెడ్డి, కమ్మల చేతుల్లో ఉందనీ, అంటరానివాళ్లు వాళ్లకు లోబడి బతుకుతున్నారనీ చెప్పాడు.

రాష్ట్రహక్కుల వాదం వెనక ఎవరున్నారో ఎక్కడైనా చూడాల్సిందే. అమెరికా మూడో అధ్యక్షుడు జెఫర్సన్ 1798లో కెంటకీ తీర్మానాలు రాశాడు. పత్రికల నోరునొక్కే కేంద్ర చట్టాన్ని రాష్ట్రాలు ఒప్పుకోనక్కర్లేదన్నాడు. అందులో న్యాయం ఉంది. అదే మనిషి జీవితకాలంలో 600 మందికి పైగా నల్లవాళ్లను బానిసలుగా ఉంచుకున్నాడు. తర్వాత దక్షిణాది యజమానులు బానిసత్వాన్ని కాపాడుకోటానికి రాష్ట్రహక్కుల మాటే వాడుకున్నారు.

మన దగ్గర? 1983లో ఎన్టీఆర్ కేంద్రం పెత్తనానికి ఎదురుగా విజయవాడలో ప్రతిపక్షాల్ని కూర్చోబెట్టాడు. 1985 జూలై 17న కారంచేడు ఆయన పాలనలోనే జరిగింది. పోలీసు, భూమి రెండూ రాష్ట్ర జాబితాలోవే మరి! అత్యాచారాల నిరోధక చట్టం 1989లో పార్లమెంటు నుంచి వచ్చింది. అంతమాత్రాన ఢిల్లీ మన చుట్టం కాదు. ఆ చట్టం ఉండగానే 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. అప్పుడు ఢిల్లీలోనూ ఇక్కడా కాంగ్రెసే. ముఖ్యమంత్రి అప్పటి నెల్లూరు జిల్లాలోని వాకాడు నుంచి వచ్చిన నేదురుమల్లి జనార్దనరెడ్డి.

ఢిల్లీ నుంచి దిగిన అధికారం ఊరిపెద్ద గడప దగ్గరే ఆగిపోతే అది మన అధికారం కాదు. రాష్ట్రహక్కుల మీద ఎవరు ఉపన్యసించినా లేచి రెండే ప్రశ్నలడగాలి. వాడకు భూమి ఎంత దక్కింది? పోలీస్ స్టేషన్లో వాడ ఫిర్యాదు రాసుకుంటున్నారా?