రెహబాము కాడి, ఫోలెట్ కిటికీ: అధికారభావనపై ఒక విమర్శ

క్రైస్తవ సంస్థలలో సిబ్బంది తగవులను గురించి బోధించేటప్పుడు మనం సాధారణంగా నాయకుని స్వభావంతో మొదలుపెడతాం. అతడు కోపిష్ఠియా, శాంతపరుడా అని చూస్తాం. అమెరికా రచయిత్రి మేరీ పార్కర్ ఫోలెట్ (1868–1933) వేరే చోట మొదలుపెట్టారు. 1924లో వెలువడిన 'క్రియేటివ్ ఎక్స్‌పీరియన్స్'లో ఆమె ఇతరులపై చెలాయించే అధికారాన్నీ, ఇతరులతో కలిసి పెంపొందించుకొనే అధికారాన్నీ వేరుచేసి చూపారు. నాయకుడు అధికారాన్ని ఏమనుకుంటున్నాడో దానిని బట్టే ఫిర్యాదు అతని చెవికి వినబడుతుంది.

1 రాజులు 12వ అధ్యాయం దీనికి మంచి ఉదాహరణ. అక్కడి తగవు పనిభారం గురించి. ప్రజల పక్షాన వచ్చిన యరొబాము ఒకప్పుడు యోసేపు సంతతివారి పనిమీద అధికారిగా ఉన్నవాడే (11:28). వారు సింహాసనం అడగలేదు, కాడి తేలిక చేయమన్నారు. రెహబాముకు మాత్రం అది తన బలానికి పరీక్షగా తోచింది. యువజన కూడికలలో ఈ భాగాన్ని పెద్దల మాట వినాలన్న ప్రసంగంగా మార్చేశాం. కానీ ఆ పెద్దలు కూడా సొలొమోను కొలువులో ఉన్నవారే. కాడి బరువైంది వారి కళ్లముందే. పైగా వారి సలహాలో "నేడు" అన్న మాట ఉంది. ఈ ఒక్క రోజుకు దాసుడవైతే వారు ఎన్నటికీ నీకు దాసులవుతారన్నది సేవకత్వమా, ఉపాయమా? చివరకు రాజు పంపినది ఎవరిని? వెట్టిపనివారిపై అధికారియైన అదోరామునే. ప్రజలు అతనిని రాళ్లతో కొట్టి చంపారు.

ఫోలెట్ ఆలోచనకు మేము ఋణపడి ఉన్నాం, కానీ ఆమె ఇచ్చిన ప్రసిద్ధ ఉదాహరణతో మాకు చిక్కు ఉంది. గ్రంథాలయంలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె వద్దన్నారు. పక్కగదిలో కిటికీ తెరిస్తే ఇద్దరి అవసరమూ తీరింది. ఆ ఇద్దరూ సమానులు. మేము సభ్యులుగా ఉన్న ఒక ఆసుపత్రి కమిటీ ఎదుటికి రాత్రి డ్యూటీల విషయమై ఒక ఆయా వచ్చింది. మేమందరం కుర్చీలలో ఉన్నాం, ఆమె నిలబడి ఉంది. అధ్యక్షులైన పాస్టరుగారు ప్రేమగానే, "అమ్మా, నీ ఇబ్బంది ఏమిటో చెప్పు" అన్నారు. "మీరెలాగంటే అలాగేనండి, అయ్యగారూ" అంది. సమస్య సామరస్యంగా పరిష్కారమైందని మినిట్స్‌లో వ్రాసి మేమూ సంతకం చేశాం. డ్యూటీలు మారలేదు.

అపొస్తలుల కార్యములు 6లో పన్నెండుగురు సణుగు విని ఊరుకోలేదు. మనుష్యులను ఏర్పరచుకొనే పని శిష్యుల సమూహానికే వదిలిపెట్టారు. ఏడుగురివీ గ్రీకు పేర్లే. అంద్రెయ, ఫిలిప్పు అనే గ్రీకు పేర్లు పన్నెండుగురిలోనూ ఉన్నాయి గనుక, ఏడుగురూ బాధితుల పక్షంవారేనని దీనిని బట్టి తేల్చలేం. అయినా పంచిపెట్టే అధికారం చేతులు మారింది. ఆ ఏడుగురిలో విధవరాలు ఒక్కరూ లేరు. తరువాత ఆహారం సరిగా అందిందా అని ఆ స్త్రీలను ఎవరైనా అడిగారో లేదో లూకా వ్రాయలేదు.