తిరస్కరించిన అర్జీలు

ఐర్లండ్ స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొన్న తాతముత్తాతల జాడ వెదికేవాళ్లు తిరగేసే కాగితాలనే కొంతకాలంగా నేనూ చదువుతున్నాను. అక్కడ నాకు చుట్టాలెవరూ లేరు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి, బ్రిటిష్ పాలనపై 1916లో లేచిన ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఆ దేశం విడిచి రావలసి వచ్చిన మన వి.వి.గిరి గారి కథ నన్ను అటు లాక్కెళ్లింది. 2014 నుంచి డబ్లిన్ మిలిటరీ ఆర్కైవ్స్ విడతలవారీగా ఆన్‌లైన్‌లో ఉంచుతున్న పింఛను ఫైళ్లు నన్ను అక్కడే నిలిపేశాయి.

రహస్యంగా పోరాడినవాళ్లకు హాజరుపట్టీ ఎక్కడుంటుంది? పట్టుబడితే మెడకు ఉరి బిగించే కాగితం ఎవరు దాస్తారు? అందుకే అక్కడ సర్వీసు రికార్డంటే చాలామటుకు ఏళ్ల తర్వాత పెట్టుకున్న పింఛను అర్జీయే. 1924 చట్టం, స్వతంత్రం వచ్చాక ఏర్పడిన కొత్త ప్రభుత్వ సైన్యంలో చేరినవాళ్లకే పింఛనిచ్చింది. తర్వాతి అంతర్యుద్ధంలో ఆ ప్రభుత్వాన్ని ఎదిరించిన పక్షం వాళ్లూ, మహిళా దళం కుమన్ న మాన్ సభ్యులూ 1934 చట్టం దాకా ఆగారు. ఫైలు ఏ చట్టం కిందిదో చూస్తే, 1922లో ఆ యుద్ధం వల్ల అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లలో ఎవరు ఎటున్నారో చాలావరకు తెలిసిపోతుంది.

అయితే ఒకే పేరు పదిమందికి ఉంటుంది. 1911 జనాభా లెక్కల్లో ఊరు, ఇల్లు ఖాయం చేసుకున్నాకే ఫైలు తెరవాలి. ఆడవాళ్లనైతే అత్తింటిపేరుతోనూ వెదకాలి.

నన్ను బాగా కదిలించింది మార్గరెట్ స్కినిడర్ ఫైలు. స్కాట్లండ్‌లో పుట్టిన పంతులమ్మ. 1916లో తుపాకీ పట్టి డబ్లిన్ వీధుల్లో పోరాడింది, మూడు తూటాలు దిగాయి. 1925లో గాయాల పింఛనుకు అర్జీ పెడితే కాదన్నారు. చట్టంలో సైనికుడంటే మగవాడనే అర్థమట! ఒంట్లో దిగిన తూటాలకు లేని తేడా చట్టానికి వచ్చింది. ఆమె మళ్లీ అడిగింది. 1938లో గానీ పింఛను రాలేదు. ఆ జాప్యం అన్యాయం, అంతకన్నా మెత్తని మాట నాకు దొరకలేదు.

తిరస్కరణ ఆమె ఒక్కతెకే కాదు. 80 వేలకు పైగా వచ్చిన సర్వీసు పింఛను అర్జీల్లో ఎక్కువ భాగం తిరస్కరించారు. సాక్ష్యం చెప్పాల్సిన కమాండర్ చనిపోతే రుజువు కష్టమయ్యేది; చేసిన పని ‘క్రియాశీల సేవ’ కాదని తేలితే పింఛను లేదు. మీ పూర్వీకుడి ఫైలులో నిరాకరణ ఉత్తరం కనిపిస్తే అక్కడితో మూసేయకండి. ఆయన ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలం తరచుగా అందులోనే ఉంటుంది, అది చదవండి.