అరువు పాట, అసలు పాట

పరుల పాట పాడేవాడికి సాహిత్య చర్చలో చోటుందా? లేదనే మన మిత్రులలో చాలామంది అభిప్రాయం. ఉద్దానంలో అమ్మవారి సంబరాలకు వేదికెక్కే ఆర్కెస్ట్రాల ప్రస్తావన వస్తే చాలు, ‘అనుకరణ సంస్కృతి’ అన్న ఒక్క మాటతో తీర్పు చెప్పి పక్కకు తప్పుకుంటారు. నేనూ ఆ తీర్పు చెప్పినవాణ్ణే. టెక్కలిలో జరిగిన ఒక సమావేశంలో, ఈ బృందాలు సినిమా పరిశ్రమకు కూలి లేని ప్రచారకులని కొంత ఆవేశంగానే మాట్లాడాను. ఆ మాట ఇప్పుడు సవరించుకోవలసి వస్తున్నది.

నిరుడు వేసవిలో పలాసకు తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో సంబరానికి వెళ్లాను. కొబ్బరితోట అంచున వేదిక. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టగా మిగిలిన చెట్లు కొన్ని, తరవాత నాటిన మొక్కలు కొన్ని. ఒక కీబోర్డు, ఒక గిటారు, ప్యాడ్లు, ఇద్దరు గాయకులు. కుర్రాళ్లంతా కాశీబుగ్గ వాళ్లు; ఒకడు పగలు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, ఇంకొకడు జీడిపప్పు కర్మాగారంలో లెక్కలు రాస్తాడు. ఇళయరాజా బాణీలు నాలుగైదు అయ్యాక జనం ‘నక్కిలీసు గొలుసు’ పాడమని కేకలేశారు. గాయకుడు సినిమాలో ఉన్నది ఉన్నట్టుగా ఎత్తుకున్నాడు. రెండో చరణం దగ్గర, ముందు చాప మీద కూర్చున్న ఒక ముసలామె చెయ్యి ఊపుతూ లేచింది. “అలగ కాదు బాబూ, మావోలు ఇలగ పాడేవోరు కాదు,” అన్నది.

అతను పాట ఆపేశాడు. “అయితే నువ్వు సెప్పు మామ్మా,” అని మైకు కిందికి దించాడు. ఆమె పాడింది. గిటారు వాయించే కుర్రాడు ఆమె గొంతు ఎక్కడుందో వెతుక్కుని శ్రుతి మార్చుకున్నాడు. తరవాత పాట మొదటినుంచీ ఆమె చెప్పిన మాటలతోనే సాగింది.

ఆ పాట ప్రయాణం ఒకసారి ఆలోచించండి. ఊళ్లలో పుట్టింది. 2020లో ‘పలాస 1978’ అనే చిత్రంలోకి వెళ్లింది. సినిమానుంచి ఫోన్లలోకి, అక్కడినుంచి ఆర్కెస్ట్రా కుర్రాడి నోటికి చేరింది. చివరకు పుట్టినచోటికే వచ్చి, అక్కడ తప్పు దిద్దించుకున్నది. ఇందులో అనుకర్త ఎవరు? నకలుకు నకలు పాడుతున్నాడని మనం ఈసడించిన ఆ కుర్రాడే కదా మైకు కిందికి దించినవాడు!

కరుణకుమార్ తీసిన ఆ చిత్రం కూడా ఒక పాటల బృందం కథే. పలాసలో అణగారిన కులానికి చెందిన అన్నదమ్ములు మోహనరావు, రంగారావు ఆడిపాడే కళాకారులు. షావుకార్ల మధ్య పోటీలో వాళ్లు కత్తి పట్టవలసి వస్తుంది. జీడిపప్పు వ్యాపారం మీద లేచిన పట్టణాన్ని, అందులో కులం చేసే పనిని అంత సూటిగా చూపించిన తెలుగు చిత్రాలు తక్కువ. ఆ గౌరవం దానికి ఇవ్వవలసిందే. అయితే కథ సాగినకొద్దీ పాట వెనుకబడి కత్తి ముందుకొస్తుంది. కళాకారుడు కిరాయి బలంగా మారిన క్షణం దర్శకుడికి కనిపించింది. కళాకారుడుగా అతను ఏం పోగొట్టుకున్నాడన్నది కనిపించలేదు. రఘు కుంచె సంగీతంలో ‘నక్కిలీసు గొలుసు’ ఉత్తరాంధ్ర జానపదమన్న పేరుతోనే వెలువడింది. సొంతమని చెప్పుకోలేదు, అంతవరకు నిజాయితీయే. కాని ‘జానపదం’ అన్న మాట దగ్గరే అసలు చిక్కున్నది.

ఆ చిక్కు మనకొక్కరికే లేదు. ఇంగ్లీషు కుర్రాళ్ల రాక్ బృందాలు కూడా అరువు పాటతోనే మొదలైనాయి. బీటిల్స్ మొదటి ఎల్‌పీ 1963లో వచ్చింది. అందులో పద్నాలుగు పాటలుంటే ఆరు ఇతరులవి. వాటికి కర్తలున్నారు, పేర్లున్నాయి, రాయల్టీ ఉన్నది. మరుసటి సంవత్సరం ఆనిమల్స్ అనే బృందం ‘హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’ పాడి ప్రపంచమంతా మోగించింది. అది పాత అమెరికన్ జానపదం. రికార్డు మీద ‘సంప్రదాయం’ అని రాసి, దాని పక్కన కూర్పు కర్తగా ఆర్గన్ వాయించిన ఆలన్ ప్రైస్ ఒక్కడి పేరే వేశారు. ఆ పేరుమీద వచ్చే డబ్బూ అతనికే పోయింది. ఐదుగురు వాయించిన పాటలో నలుగురికి వాటా లేదు. అంతకు ముందు దాన్ని తరాలుగా పాడినవాళ్ల సంగతి అడిగే దిక్కే లేదు. కర్త లేని పాటకు కర్తృత్వం మొదట కాగితం మీద సంతకం చేసినవాడికి దక్కుతుంది. భూమి విషయంలో జరిగిందీ ఇదే కాదూ? పట్టా లేని కొండపోడును పట్టా చేయించుకున్నవాడు తనదన్నాడు.

మన ప్రాంతంలోనే దీనికి భిన్నమైన అరువు ఒకటున్నది. జముకుల కథ అమ్మవారి కథలు చెప్పే పాత కళ. ఒకవైపు తోలు బిగించిన కుంచంలాంటి వాద్యం, దాని మధ్యనుంచి లాగిన తంతి. మీటితే తాళమూ శ్రుతీ రెండూ అందులోంచే పలుకుతాయి. ఉద్దానంలోని బొడ్డపాడులో గుడి అర్చకత్వం చేసిన సుబ్బారావు పాణిగ్రాహి ఆ రూపాన్ని తీసుకుని రైతుకూలీల పోరాటం చెప్పాడు. 1969 డిసెంబరులో పోలీసులు ఆయన్ను కాల్చి చంపారు. ఆయన రాజకీయాలతో ఎవరికెంత ఏకీభావమున్నా, ఆ కళలో అరువు ఎక్కడిదో వినేవాళ్లందరికీ తెలుసు. అమ్మవారి కథ విన్న చెవులే కొత్త కథా విన్నాయి. రూపం ఎవరిదో దాచడానికి వీల్లేదు, ఎందుకంటే దాని సొంతదారులే ఎదుట కూర్చున్నారు. బుర్రకథను ప్రజానాట్యమండలి వాడుకున్నదీ ఈ పద్ధతిలోనే.

దీనికి తలకిందులైనదీ చూశాం. వంగపండు ప్రసాదరావు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ శ్రీకాకుళం పోరాటానికి పిలిచిన పాట. 2009లో ‘మగధీర’లో దాని ఎత్తుగడ వినిపించింది, అక్కడ అది నాయికానాయకుల సరసం. మాట అదే, వెళ్లవలసిన చోటు మాత్రం మారిపోయింది! పాట పరులదై ఉండటం దోషం కాదు. అది ఎవరి ఎదుట పాడుతున్నారు, తప్పు పాడితే ‘అలగ కాదు’ అనే హక్కు ఎవరికున్నది అన్నదే చూడవలసింది. సినిమా హాల్లో ముసలామె లేచి చెయ్యి ఊపితే పాట ఆగదు.

ఇంత చెప్పి ఆర్కెస్ట్రాలన్నిటినీ ప్రజాకళలని పొగడబోవడం లేదు. చందా ఇచ్చిన పెద్దమనిషి అడిగాడని బూతుపాట పాడిన రాత్రులూ చూశాను. ఆ కుర్రాడైనా మరో ఊళ్లో, మరో వేదిక మీద మైకు దించుతాడని హామీ ఇవ్వలేను. అతను చేసినదానికి సిద్ధాంతం లేదు. పెద్దావిడ మాట కాదనలేకపోయాడు, అంతే. కాని సిద్ధాంతం ఉన్న నేను చేసినదేమిటి?

ఎం.ఏ. చదివేటప్పుడు ఈ ఊళ్లలోనే తిరిగి నలభైకి పైగా పాటలు రాసుకున్నాను. పాడినవాళ్లు చాలామంది జీడిగింజలు కొట్టే ఆడవాళ్లు, గింజనూనెకు వేళ్లు నల్లబడ్డవాళ్లు. పని ఆపి పాడారు, పాట మధ్యలో ఆపి అర్థం చెప్పారు, నేను తప్పు రాస్తే దిద్దారు. నా వ్యాసం చివర ఆ పాటలన్నీ అచ్చయినాయి. పైన ‘సేకరణ’ అని నా పేరున్నది, ప్రతి పాట కింద ఊరి పేరున్నది. పాడినవారి పేరు ఒక్కటీ లేదు. అప్పుడు అది లోపమని నాకు గాని, దిద్దిన ఆచార్యులకు గాని తోచలేదు. జానపదానికి కర్త ఉండడని పాఠం చెప్పుకున్నాం కదా! ఆలన్ ప్రైస్‌కు రాయల్టీ వచ్చింది, నాకు పట్టా వచ్చింది.

సంబరంనుంచి వచ్చిన వారానికి పాత నోటుపుస్తకాలు తీశాను. అందులో పేర్లు కొన్ని రాసే ఉన్నాయి, మార్జిన్లలో, పెన్సిలుతో. పదకొండు దొరికాయి. వాటిని పట్టుకుని ఆదివారాలు ఆ ఊళ్లకు వెళుతున్నాను. ఇప్పటికి ఆరుగురిని కలిశాను. ముగ్గురు లేరు. ఒకామె నన్ను గుర్తుపట్టి, తన పాట పుస్తకంలో ఎక్కడుందో చూపించమన్నది. చూపించాను. చదవడం రాదు గనుక మనవడిని పిలిచి చదివించుకున్నది. మూడో పాదం దగ్గర ఆపి, నేను రాసింది తప్పన్నది.