బడులను తూచు త్రాసు

వేసవిలో పరీక్షా ఫలితములు వెలువడిన మఱునాటినుండి విజయవాడ బెంజి సర్కిలు చుట్టును నిలువెత్తు బోర్డులు లేచును. వానిపై బాలబాలికల ముఖములు; ముఖముల క్రింద అంకెలు. పదవ తరగతికిని ఇంటర్మీడియేటునకును పుట్టిన యీ యాచారము ఇప్పుడు ఆఱవ, ఏడవ తరగతులకును దిగివచ్చినది. ‘ఫౌండేషను’ అను పేర పదునొకండేండ్ల పసివారికి వారము వారము పరీక్షలు పెట్టి, ర్యాంకుల పట్టికలను తలిదండ్రుల ఫోనులకు పంపు బడులు గలవు. ఆ పట్టికను చూచి యిది మంచి బడి, అది చెడ్డ బడి యని తీర్పు చెప్పు గృహస్థులు మా చదువరులలోను ఉందురు. వారితో కొంచెము ముచ్చటింప వలసియున్నది.

ఇటీవల సత్యనారాయణపురములో ఒక మిత్రుని యింట, ఏడవ తరగతి చదువు వారి బాలిక తన ప్రోగ్రెసు కార్డును మాకు చూపినది. గణితమున నూటికి 96. మేము సంతసించి, వారికి పామఱ్ఱు వైపున పొలమున్నదని యెఱుగుదుము గావున, ఒక లెక్క నడిగితిమి: ఎకరమునకు 30 బస్తాల చొప్పున రెండున్నర యెకరములు పండిన, బస్తా 75 కిలోలైనచో, మొత్తము ఎన్ని క్వింటాళ్లగును? ఆ పిల్ల కలము చేతబట్టి కొంతసేపు చూచి, “తాతగారూ, ఇది ఏ చాప్టరులోని లెక్కండీ?” అని యడిగినది. లోపలి గదినుండి నాయనమ్మ “డెబ్బై అయిదు బస్తాలే అమ్మాయ్, తక్కింది నువ్వు కట్టు” అని కేక వేసినది. 56 క్వింటాళ్ల 25 కిలోలని పిల్ల అటుపిమ్మట చక్కగనే కట్టినది. ఆమెకు తెలివి లోపము లేదు. ఆ 96 మాత్రము చాప్టరు పేరు ముందుగా చెప్పినప్పటి గణితమును తూచినదేగాని, గణితమును తూచినది కాదు.

ఇట్లనుటచేత పరీక్షలే వలదని మేమనుచున్నామని తలంపరాదు. కొలత లేనిచోట నష్టపోవువాడు పేదబిడ్డడే. 2005 నుండి ‘అసర్’ అను సర్వేవారు పల్లెలలో ఇండ్లకే పోయి, పిల్లలచేత రెండవ తరగతి స్థాయి పాఠమును చదివించి, చిన్న భాగహారము చేయించి చూచుచున్నారు. పై తరగతులకు వచ్చియు ఆ పాఠమును చదువలేని పిల్లలెందఱో గలరని దేశమునకు తెలియవచ్చినది ఆ కొలతవలననే. బడికి పోయినవాడెల్ల చదువు వచ్చినవాడే యని హాజరుపట్టీని చూచి మురియుచుండిన కాలమది.

కాని కుంచము ఎవని చేతిలో నున్నదన్నది మొదటి ప్రశ్న. ధాన్యము కొనువాడే కుంచము పట్టినచో రైతు ఊరకుండునా? చదువు విషయములో మనము ఊరకున్నాము. ఇది నేటి వ్యాధియు కాదు. ఇంగ్లండులో 1862లో రాబర్టు లో అను మంత్రి, ఇన్స్పెక్టరు పరీక్షలో పిల్లలు నెగ్గినదానిని బట్టి బడికి సొమ్ము చెల్లించు పద్ధతిని నెలకొల్పెను. ఉపాధ్యాయులు ఇన్స్పెక్టరు అడుగబోవు పుస్తకమునే పిల్లలచేత వల్లె వేయించిరి. కవియు, స్వయముగా ఇన్స్పెక్టరును అగు మాథ్యూ ఆర్నాల్డు దానిని గట్టిగా ఖండించెను. ఆ శతాబ్దాంతమునకు ఇంగ్లండు దానిని విడిచినది. ఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు ఆ యాచారము సముద్రము దాటి మన మదరాసు రాజధానికిని వచ్చి చాలకాలము నిలిచినది.

అయినను సొమ్ముతో ముడివడిన కొలత యెల్ల చెడ్డదే యని శపించుటకు వీలులేదు. 2005లో ఆంధ్రప్రదేశములోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పండితులు పల్లె ప్రాథమిక పాఠశాలలలో ఒక పెద్ద పరిశోధన కారంభించిరి. పిల్లల సగటు మార్కులు నిర్ణీతమగు హద్దును మించి పెరిగినచో, శాతమునకు 500 రూపాయల చొప్పున ఉపాధ్యాయునకు బహుమానము. రెండేండ్లలో ఆ బడుల పిల్లలు గణితమునను భాషయందును తక్కిన బడులవారిని మించిరి. బహుమానము లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రములలోను మించిరి. అచట పరీక్ష జరిపినవారు బడివారు కారు, వెలుపలివారు. మఱి 100 బడులకు సొమ్ము లేదు; పిల్లలు ఎచ్చట తడబడుచున్నారో వివరించు నివేదికలను మాత్రము ఇచ్చిరి. పరిశీలకులు వచ్చి చూచినప్పుడు ఆ యుపాధ్యాయులు శ్రద్ధగనే కనబడిరి. సంవత్సరాంతమున పిల్లల చదువులో భేదమేమియు లేదు.

ఈ రెండవ ఫలితమే మాకు ముఖ్యముగా తోచుచున్నది. థర్మామీటరు నోట పెట్టినంతమాత్రమున జ్వరము తగ్గదు గదా. మన ప్రభుత్వములు మాత్రము పరీక్షలను పెంచి, ఫలితములను కంప్యూటరు కెక్కించి, పని ముగిసినదని కూర్చుండును.

ఎక్కించిన అంకెలైనను నిజములా? అభిజీత్ సింగ్ అను పరిశోధకుడు మధ్యప్రదేశములో ప్రభుత్వ పరీక్ష వ్రాసిన పిల్లలను మఱల వేఱుగా పరీక్షించి చూడగా, ప్రభుత్వపు లెక్కలు వాస్తవమునకంటె చాల హెచ్చుగా నుండెను. మన రాష్ట్రమున చేసిన పరీక్షలోను, ఉపాధ్యాయులే కాపలా కాచిన కాగితపు పరీక్షలు పిల్లల విద్యను పెంచి చూపినవి. టాబ్లెటుపై జరిపినవి నిజమునకు దగ్గఱగా నుండెను. ఉపాధ్యాయులు దుష్టులని మా భావము కాదు. మార్కులు తగ్గినచో సంజాయిషీ యడుగుదురని తెలిసిన మానవుడు చేయు పనినే వారు చేసిరి.

2021 నవంబరు 12న 3, 5, 8, 10 తరగతులకు దేశమంతట జరిగిన జాతీయ సాధన సర్వేలో సుమారు 34 లక్షల పిల్లలు వ్రాసిరి. అది జిల్లా స్థితిని చెప్పునేగాని ఫలానా బడి మంచిదని చెప్పదు. కొందఱికి ఇది లోపము, మాకు గుణము. బడి పేరు బయటబడదు గావున దాచుకొనవలసిన భయమును తక్కువ. ఇట్టి కొలత ప్రభుత్వమునకు కావలయును. తన బిడ్డ బడిని ఎంచుకొను తండ్రికి ఇది చాలదు. అతడు మఱియొకదానిని చూడవలయును.

ఏ త్రాసునకును అందని సరకు కొంత యుండును. బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాల, ప్రభుత్వపు విద్యాపద్ధతికి వెలుపల నిలిచి చేతిపనులను, చిత్రకళను నేర్పినది. అచట ప్రమోదకుమార ఛటర్జీ యొద్ద అడివి బాపిరాజు కుంచె పట్టుట నేర్చెను. ఆ విద్యకు నూటికెన్ని మార్కులో మేమెఱుగము. కళను తూచలేమని గణితమునుగూడ తూచక విడుచుట మాత్రము సోమరితనము.

ఆ సత్యనారాయణపురపు మిత్రుడు ఈ జూనులో కుమార్తెను మఱియొక బడికి మార్పదలచి, దాని పట్టికను మాకు చూపెను. అందు మొదటి పదిమంది పేర్లున్నవి. తరగతిలో నలువదిమంది గలరట. తక్కిన ముప్పదిమంది జూనులో ఎక్కడ నుండిరి, మార్చికి ఎక్కడకు వచ్చిరి, వెనుకబడినవారికి ఏ గంటలో ఎవరు మఱల చెప్పిరి, ఇది అడిగిరమ్మని పంపితిమి. రెండుసార్లు పోయివచ్చెను, ఇంకను జవాబు దొరకలేదు.