కట్ట కట్టని చెయ్యి

మొన్న ఖమ్మం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీకి బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుల వైవాకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్లాను. అమీర్‌పేటలో కొనుక్కొచ్చే రెడీమేడ్ ప్రాజెక్టుల మీద నా చిర్రుబుర్రులు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఈసారి ఒక బ్యాచ్ మాత్రం సొంతంగా చేసింది. భద్రాచలంలో గోదావరి 43, 48, 53 అడుగుల ప్రమాద హెచ్చరికలు దాటితే ఫోన్లకు మెసేజ్ పంపే యాప్. సంబరపడుతూ గిట్ తెరిపించాను. టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కోసం తయారుచేసుకున్న ఈ గిట్‌లో ఏ లైను ఎవరు రాశారో పేరుతో సహా దొరికిపోతుంది; అందులో భద్రపరిచే ఒక్కో మార్పూ ఒక కమిట్. నలుగురిలో ఒకమ్మాయివే ముప్పాతిక కమిట్లు. చర్ల వైపు కుర్రాడివి సున్నా.

నాకు లెక్కంటే పిచ్చి. అది తునికాకు కల్లంలో అంటుకుంది. వేసవి సెలవులకు పెద్దమ్మ వాళ్లూరు వెళ్తే, తెల్లారకముందే అందరూ అడవిలో ఉండేవాళ్లు. ఎండెక్కేసరికి మూటలతో వచ్చి వేపచెట్టు కింద కట్టలు కట్టేవాళ్లు, కట్టకు 50 ఆకులు. సాయంత్రం కల్లేదారు వరసల మధ్య నడుస్తూ అనుమానమొచ్చిన కట్ట విప్పేవాడు. మధ్యలో చిల్లులాకు కనబడిందా, కట్ట పక్కకే. కలిసి పనిచెయ్యమని అక్కడ ఎవరూ పాఠం చెప్పలేదు, లెక్కే చెప్పింది. కాలేజీల్లోనూ కమిట్లు లెక్కపెట్టి మార్కులు వెయ్యండని ఏళ్ల తరబడి పోరుతున్నాను.

అదే చెట్టు కింద పెద్దమ్మ వాళ్ల అత్తగారు కూర్చునేది. చూపు ఆనదు. నార నానబెట్టి, గోటితో చీల్చి, అడక్కుండానే ఒక్కో పోగు చేతికందించేది. ఆవిడ పేరున ఒక్క కట్టా లేదు. జ్వరంతో పడుకున్న రోజు మాత్రం ఎవరి కట్టలూ సాగలేదు.

"నువ్వేం చేశావయ్యా?" అనడిగాను చర్ల కుర్రాణ్ని.

"43 ఒక్కటే పెడితే కుదరదన్నాను సార్. గోదారి అంత దాకా రాకముందే మా వాగు ఎదురుతన్ని రోడ్డు మునుగుద్ది. అప్పుడు మెసేజొచ్చి ఏం లాభం?"

2022 జులైలో నది 71.3 అడుగులకు చేరినప్పుడు వాళ్లింట్లోవాళ్లు వాగు చూసే ముందుగా కదిలారట.

"వీడు చెప్పాకే సార్, ఊరూరికీ వేరే మట్టం పెట్టుకునేలా మొత్తం తిరగరాశా," అందా అమ్మాయి. ముప్పాతిక కమిట్లు ఎక్కణ్నుంచి పుట్టాయో అప్పుడర్థమైంది.

ఇద్దరికీ ఒకే మార్కులు వేశాను. గుర్తుకోసం కుర్రాడి పేరు పక్కన 43 అని రాసుకున్నాను. ఆఫీసులో దాన్నీ మార్కనుకుని కూడేశారట. వచ్చి దిద్దిపొమ్మని ఫోను. ఇంకా బయల్దేరలేదు.